మషీన్ స్పెల్లింగ్ తప్పినా సరుకు కదులుతుంది, మోడల్ నంబరు తప్పితే డబ్బు ఆగుతుంది

ఎగుమతి పత్రాల్లో దేన్ని తప్పుగా లెక్కగట్టాలి, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి అని బ్యాంకులకు దారి చూపించే పుస్తకం ఒకటుంది. ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ ప్రచురించింది, పొట్టిగా ఐఎస్‌బీపీ అంటారు, 2013లో వచ్చిన కూర్పు నంబరు 745. అందులో ఒక పేరా ప్రకారం, సరుకు వివరాల్లో మషీన్ అనే మాటకి సీ బదులు ఎస్ పడినా, మోడల్ అనే మాటలో చివరి రెండక్షరాలు అటూ ఇటూ అయినా పత్రం చెల్లకుండా పోదు. అర్థం మారలేదు కదా, అంతే. కానీ మోడల్ 321 అని ఉండాల్సిన చోట మోడల్ 123 అని కొట్టారంటే అది డిస్క్రిపెన్సీ, అంటే డబ్బు ఆపదగ్గ తేడా. బ్యాంకు పత్రాలు తిప్పి పంపొచ్చు, డబ్బు ఆగిపోతుంది.

ఇప్పుడు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ పేపరు దిద్దే తీరు చూడండి. స్పెల్లింగ్ తప్పితే ఎర్ర గీత, ఆర్టికల్ పోతే అర మార్కు కోత. అదే ఉత్తరంలో విద్యార్థి రాసిన తేదీ, నంబరు, మొత్తం సరిగ్గా ఉన్నాయా అని చూసేవాళ్లే ఉండరు, ఎందుకంటే అవి విద్యార్థి పుట్టించి రాసినవే, సరిచూడ్డానికి ఎదురుగా ఏ కాగితమూ ఉండదు. అంటే లాజిస్టిక్స్ చదివే విద్యార్థి మూడేళ్లపాటు, తన వృత్తిలో పెద్దగా ఎవరూ పట్టించుకోని తప్పుల గురించి భయపడటం నేర్చుకుని, కొంప ముంచే తప్పుల గురించి ఏ భయమూ లేకుండా బయటికొస్తాడు. ప్రొఫెషనల్ ఇంగ్లిష్ పేరుతో జరిగే బోధనలో అసలు సమస్య ఇదే. సిలబస్ పాతబడటం, ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లు పనిచేయకపోవడం లాంటివన్నీ దీని తర్వాతే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీబీఏ లాజిస్టిక్స్ కోర్సులు అప్రెంటిస్‌షిప్‌తో కలిపి నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువు మొత్తాన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు చాలామంది ఈ క్లాసుల్లో కూర్చుంటున్నారు. వీళ్లకి దొరికే ఇంగ్లిష్ ఏంటంటే మొదటి ఏడాది జనరల్ ఇంగ్లిష్, ఆ తర్వాత కమ్యూనికేషన్ స్కిల్స్ అనే గంపగుత్త పేపరు, ప్లేస్‌మెంట్ల ముందు ఒక రెండు వారాలు సెల్ఫ్ ఇంట్రడక్షన్, గ్రూప్ డిస్కషన్, జామ్ (ఇచ్చిన అంశం మీద ఒక్క నిమిషం మాట్లాడటం). ఇందులో లాజిస్టిక్స్‌కి సంబంధించిన ముక్క ఒక్కటీ లేదు. బీకాం వాడికీ బీజడ్‌సీ వాడికీ ఇదే.

వాళ్లు వెళ్లే చోటు చూస్తే ఇంకోలా ఉంటుంది. విశాఖ, గంగవరం, కాకినాడ రేవుల చుట్టూ ఉన్న సీహెచ్ఏ (కస్టమ్స్ పని చేసిపెట్టే ఏజెంట్ల) ఆఫీసులు, ఫార్వర్డర్ల (ఎగుమతిదారు తరఫున రవాణా ఏర్పాట్లు చూసేవాళ్ల) డాక్యుమెంటేషన్ డెస్కులు, సనత్‌నగర్ ఐసీడీ (ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపో), శంషాబాద్ ఎయిర్ కార్గో, మేడ్చల్ వైపు పెద్ద పెద్ద గోడౌన్లు, చెన్నై, ముంబైల్లో షిప్పింగ్ లైన్ల బ్యాక్ ఆఫీసులు, ఇంకాస్త ధైర్యం చేస్తే దుబాయ్. ఈ ఉద్యోగాల్లో ఎవరూ నిలబడి స్పీచ్ ఇవ్వరు. పొద్దున్నించి రాత్రిదాకా చదవడం, సరిచూడ్డం, నాలుగు లైన్ల మెయిల్ రాయడం, ఫోన్‌లో నంబర్లు చెప్పడం, నంబర్లు రాసుకోవడం. కాబట్టి పాఠం కాగితం నుంచి మొదలవ్వాలి, గ్రామర్ పుస్తకం నుంచి కాదు. అలాగని గ్రామర్ అక్కర్లేదనుకోకండి. గ్రామర్ అసలు ఎక్కడ కోస్తుందో కాగితం దగ్గరే తెలుస్తుంది.

ప్రిపొజిషన్లనే తీసుకోండి. ఖాళీలు పూరించండి అంటూ ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా నడిచే పాఠం ఇది, పిల్లలకి విసుగు పుట్టి ఎప్పుడో వదిలేసినది. లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ, అంటే పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బిస్తామని కొన్నవాడి బ్యాంకు ఇచ్చే హామీ) నియమాలు యూసీపీ 600లో, అంటే 2007 జులై నుంచి అమల్లో ఉన్న కూర్పులో, మూడో ఆర్టికల్‌లో కొంత భాగం అచ్చంగా ఈ చిన్న మాటల గురించే. సరుకు ఓడెక్కాల్సిన గడువు చెప్పేటప్పుడు టు, అంటిల్, టిల్, ఫ్రమ్, బిట్వీన్ అంటే వాటితో చెప్పిన తేదీ కూడా లెక్కలోకి వస్తుంది. బిఫోర్, ఆఫ్టర్ అంటే ఆ తేదీ లెక్కలో ఉండదు. ఎల్‌సీలో అంటిల్ 15 మార్చ్ అని ఉండి, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు తీసుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) మీద ఆన్ బోర్డ్ తేదీ మార్చి 15 పడితే ఏ గొడవా లేదు. అదే బిఫోర్ 15 మార్చ్ అని ఉంటే ఆ బీఎల్‌తో డబ్బు రాదు. సరుకు అదే, ఓడ అదే, ఎక్కిన రోజూ అదే. ఇంకో చిక్కు కూడా ఉంది. షిప్‌మెంట్ విషయంలో తేదీని కలుపుకునే ఫ్రమ్ అనే మాట, డబ్బు చెల్లించాల్సిన గడువు లెక్కించేటప్పుడు మాత్రం ఆ తేదీని వదిలేస్తుంది.

అక్కడితో అయిపోలేదు. ఆన్ ఆర్ అబౌట్ అని ఒక తేదీ చెబితే దానికి ముందు అయిదు రోజులు, తర్వాత అయిదు రోజులు, ఆ తేదీతో కలిపి మొత్తం పదకొండు రోజులు. నెల బిగినింగ్ అంటే 1 నుంచి 10, మిడిల్ అంటే 11 నుంచి 20, ఎండ్ అంటే 21 నుంచి నెలాఖరు. ప్రాంప్ట్, ఇమీడియట్లీ, యాజ్ సూన్ యాజ్ పాజిబుల్ లాంటి మాటలు రాస్తే, పత్రంలో అలా వాడాలని ప్రత్యేకంగా అడిగి ఉంటే తప్ప, బ్యాంకు వాటిని లేనట్టే లెక్కేస్తుంది. మనవాళ్లు మెయిల్లో అతి ఇష్టంగా రాసే మాటలు సరిగ్గా ఇవే! ఇక ముప్పయ్యో ఆర్టికల్ ప్రకారం పరిమాణం ముందు అబౌట్ అని ఉంటే పది శాతం అటూ ఇటూ చెల్లుతుంది. గుంటూరు మిర్చి అబౌట్ 50 టన్నులు అంటే 45 నుంచి 55 దాకా పంపొచ్చు. కానీ అబౌట్ అనే మాట పరిమాణం ముందే ఉండి డాలర్ల మొత్తం ముందు లేకపోతే, 55 టన్నులు పంపినా డబ్బు మాత్రం ఎల్‌సీలో ఉన్న అంకె దాటి రాదు. ఈ ఒక్క లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే వెనక బెంచీ కూడా తల పైకెత్తుతుంది, అది ఇంగ్లిష్ క్లాసు అన్న సంగతి కాసేపు మర్చిపోతారు కాబట్టి.

విశేషణాల సంగతీ ఇలాంటిదే. కాకినాడ నుంచి బియ్యం ఓడెక్కుతుంటే సంచుల పరిస్థితి చూసి చీఫ్ ఆఫీసర్ మేట్స్ రిసీట్ (సరుకు అందినట్టు ఓడవాళ్లిచ్చే రసీదు) మీద ఒక ముక్క రాస్తాడు, కొన్ని సంచులు చిరిగాయనో, తడిసి ఉన్నాయనో. ఆ ముక్క బీఎల్‌లోకి వెళ్లిందంటే అది క్లీన్ బీఎల్ కాదు, ఎల్‌సీ మీద డబ్బు రాదు. అయితే సెడ్ టు కంటెయిన్ అనో, షిప్పర్స్ లోడ్ అండ్ కౌంట్ అనో ఉంటే? అవి చూడటానికి అనుమానంగా కనిపిస్తాయి గానీ, సరుకు పాడైందని చెప్పవు, లోపల ఏముందో మేం లెక్కపెట్టలేదు అని మాత్రమే చెప్తాయి, కాబట్టి ఇబ్బంది లేదు. ఒక పది రిమార్కులు ఇచ్చి, ఏది బీఎల్‌ని చెడగొడుతుంది, ఏది చెడగొట్టదు అని విడదీయమంటే అది చక్కటి రీడింగ్ కాంప్రహెన్షన్. కాంప్రహెన్షన్ పేరుతో ఇప్పుడిచ్చే ప్యాసేజీల కన్నా ఎంతో మెరుగు.

ఇన్‌కోటర్మ్స్ పదకొండింటినీ (ఖర్చు, రిస్కు అమ్మినవాడి నుంచి కొన్నవాడికి ఎక్కడ మారతాయో చెప్పే షరతుల్ని) లాజిస్టిక్స్ పేపర్లో ఎలాగూ బట్టీ పట్టిస్తారు, ఇంగ్లిష్ మాస్టారు మళ్లీ చెప్పక్కర్లేదు. పక్కన చోటు పేరు, 2020 అనే ఏడాది రాయడం మర్చిపోకుండా చూస్తే చాలు.

ఫోన్ దగ్గర కాస్త ఆగాలి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక చెక్ డిజిట్ (ముందున్నవాటిని లెక్కగట్టి వేసే అంకె), మొత్తం పదకొండు ఉంటాయి, ఇది ఐఎస్ఓ 6346 పద్ధతి. సీఎస్‌క్యూయూ 305438, చెక్ డిజిట్ 3 అనే నంబరు ఫోన్‌లో చెప్పారనుకుందాం. వినేవాడు 5, 4 తారుమారు చేసి 304538 అని రాసుకున్నాడు. లెక్క ప్రకారం ఈ నంబరుకి చివరి అంకె 1 రావాలి, కాగితం మీద 3 ఉంది, కాబట్టి ఎక్కడో తప్పు విన్నామని వెంటనే తెలిసిపోతుంది. ఇదేదో గణితం అనుకుని ఇంగ్లిష్ మాస్టార్లు వదిలేస్తారు, నిజానికి లిజనింగ్ టెస్టుకి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు, జవాబు ఒప్పో తప్పో విద్యార్థే తేల్చుకుంటాడు. బీ, డీ, పీ, టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి, ఎమ్, ఎన్ సంగతి సరేసరి. అందుకే ఆల్ఫా, బ్రావో, చార్లీ వరస నోటికొచ్చి ఉండాలి. మన దగ్గర బి ఫర్ బాంబే, వి ఫర్ విజయవాడ అంటే నడిచిపోతుంది గానీ, హైఫాంగ్‌లో ఉన్న వియత్నాం ఉద్యోగికి విజయవాడ స్పెల్లింగ్ ఏం తెలుస్తుంది? డబుల్ ఫైవ్, ట్రిపుల్ జీరో కూడా మానాలి, అవతలివాడు ట్రిపుల్ అని విని మూడు రాసుకునే ప్రమాదం ఉంది. లక్షలు, కోట్లు అనే మాటలు మన దేశంలోనే ఉంచుకోవాలి. తేదీ 04/05 అని రాస్తే అమెరికా వాడికి అది ఏప్రిల్ 5, మనకి మే 4, కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాయడం అలవాటు చేయాలి. చిన్న విషయాలే. ఏ కమ్యూనికేషన్ స్కిల్స్ పేపర్లోనూ కనపడవు.

అవతలి మనిషి గురించి కూడా ఓ మాట. ఈ రంగంలో ఇంగ్లిష్ మాట్లాడే వాళ్లలో ఎక్కువమందికి అది సొంత భాష కాదు. షాంఘై, బుసాన్, జెబెల్ అలీ, మొంబాసా, వీటన్నిటి మధ్య నడిచేది అరువు ఇంగ్లిషే. ఓడల మీద కూడా అంతే, అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో నావికుల కోసం ప్రత్యేకంగా కొన్ని కట్టుదిట్టమైన వాక్యాలు ఖాయం చేసింది, ఎవరి యాసలో పలికినా ఒకే అర్థం వచ్చేలా. అలాంటప్పుడు అమెరికా యాస నేర్పిస్తామని వేలకి వేలు తీసుకునే కోర్సులు ఈ విద్యార్థులకి దండగ. నెమ్మదిగా పలకడం, విన్నది తిరిగి చదివి వినిపించడం, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగడం, ఈ మూడింటికీ ఏ యాసతోనూ పని లేదు. మళ్లీ అడిగితే ఇంగ్లిష్ రాదనుకుంటారేమో అన్న టెన్షన్‌తో అర్థమైనట్టు ఎస్ సర్, ఎస్ సర్ అని ఫోన్ పెట్టేసేవాళ్ల వల్ల జరిగే నష్టం, గ్రామర్ తప్పుల వల్ల జరిగే నష్టం కన్నా ఎక్కువ.

టెన్సుల విషయంలో తెలుగువాళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పంపుతాం అంటే రేపు పంపుతాం అనీ కావచ్చు, రోజూ పంపుతుంటాం అనీ కావచ్చు, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. దానికి తోడు మన మర్యాద ఒకటి. బండి ఇంకా లోడవుతుండగానే బయల్దేరిపోయింది సార్ అంటాం, ఇంట్లో చెప్పులు వేసుకుంటూ వచ్చేస్తున్నా, సందు చివర ఉన్నా అంటాం. వినేవాడికీ అది తెలుసు, వాడూ ఆ గంట కలుపుకునే ఉంటాడు. ఈ అలవాటు యథాతథంగా మెయిల్లోకి దిగి వెసెల్ హాజ్ సెయిల్డ్ అని రాస్తే మాత్రం అవతలి దేశంలో కొనుగోలుదారు దాన్ని నమ్మి గోడౌన్ బుక్ చేస్తాడు, ట్రక్కులు మాట్లాడుకుంటాడు. ఈటీడీ అంటే ఓడ బయల్దేరే సమయం అంచనా, ఏటీడీ అంటే నిజంగా బయల్దేరిన సమయం, జరిగిపోయినది. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ అనే పాఠానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అక్కర్లేదు: ఓడ కదిలిందని ట్రాకింగ్‌లో చూశాకే ఆ టెన్స్ వాడే హక్కు వస్తుంది.

మెయిల్ రాయించే అభ్యాసానికి ఊహించిన కథలు వద్దు, జరిగినవే బోలెడున్నాయి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో హూతీల దాడులు మొదలయ్యాక పెద్ద లైన్లు సూయెజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ గుడ్ హోప్ అగ్రం మీదుగా ఓడల్ని తిప్పాయి. ప్రయాణం పది రోజులకి పైగా పెరిగింది, దానికి తగ్గట్టు సర్‌చార్జీలూ పడ్డాయి. ఆ లైన్లు కస్టమర్లకి పంపిన అడ్వైజరీలు వాటి వెబ్‌సైట్లలో ఎవరైనా చదవొచ్చు. అందులో ఒకటి క్లాసులో పంచి, నువ్వు విశాఖలో రొయ్యల ఎగుమతిదారు తరఫున ఫార్వర్డర్‌వి, రెండు రీఫర్ (సరుకుని చల్లగా ఉంచే) కంటైనర్లు దారిలో ఉన్నాయి, యూరప్‌లో కొన్నవాడికి మెయిల్ రాయి అంటే ఏమొస్తుంది? విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ యామ్ రైటింగ్ దిస్ మెయిల్ అని మొదలై, మొదటి మూడు లైన్లూ మర్యాదలకే సరిపోయి, కంటైనర్ నంబరు ఎక్కడా లేకుండా, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అని ముగుస్తుంది. హెడ్‌మాస్టర్‌కి రాసిన సెలవు చీటీ అది, పేరు మార్చుకుని వచ్చింది. కొనుగోలుదారుకి కావాల్సింది వేరే: సబ్జెక్ట్ లైన్లోనే బుకింగ్ నంబరు, మొదటి వాక్యంలో కొత్త ఈటీఏ (ఓడ చేరే సమయం అంచనా), తర్వాత ఎందుకు ఆలస్యం అన్నది ఒక్క ముక్కలో, రీఫర్ లోపల ఉష్ణోగ్రత సరిగ్గా ఉందా లేదా, అదనపు ఖర్చు ఎవరి మీద పడుతుంది, తను ఏ తేదీలోగా ఏం చెప్పాలి.

ఇప్పుడు ఈ మెయిల్‌ని చాట్‌జీపీటీతో రాయించేస్తున్నారు కదా, ఇంకా నేర్పడం ఎందుకు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. గ్రామర్ వరకైతే అది చాలామంది లెక్చరర్ల కన్నా శుభ్రంగా రాస్తుంది. కానీ ఆలస్యం గురించి రాయమంటే మొట్టమొదట అది చేసేది క్షమాపణ చెప్పడం, దీనికి పూర్తి బాధ్యత మాదే అన్న ధోరణిలో. సరుకు చెడిపోయి రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ వాక్యం అవతలి వకీలు చేతిలో ఉంటుంది. అనుభవమున్న క్లెయిమ్స్ డెస్కు మనిషి ఉత్తరం నెత్తిన వితౌట్ ప్రిజుడిస్ (మా హక్కులకి భంగం లేకుండా) అని పెట్టి, జరిగింది జరిగినట్టు రాసి, ఎవరి తప్పన్న మాటెత్తకుండా దాటేస్తాడు. ప్యాసివ్ వాయిస్ అసలు ఉపయోగం తెలిసేది అక్కడే. మెషీన్ రాసిన మెయిల్ ఇచ్చి, ఇందులో పంపకూడని వాక్యం ఏది, ఎందుకు అని అడగడం ఇప్పుడు మెయిల్ రాయించడం కన్నా పనికొచ్చే పరీక్ష.

మరి ఇదంతా చెప్పేదెవరు? ఎంఏ ఇంగ్లిష్ చదివిన లెక్చరరుకి బీఎల్ ముఖం ఎలా ఉంటుందో తెలియదు, సీహెచ్ఏ ఆఫీసులో ఇరవై ఏళ్లు చేసినాయనకి క్లాసు నడపడం రాదు. ఇద్దరినీ కలపాలని చెప్పడం తేలికే గానీ టైమ్‌టేబుల్ వేసేవాళ్లనడగండి తెలుస్తుంది. ఆచరణలో నడిచే పద్ధతి ఏంటంటే, లెక్చరరు నిపుణుడు కానవసరం లేదని ముందు ఒప్పేసుకోవడం. డెమరేజ్‌కీ డిటెన్షన్‌కీ తేడా (కంటైనర్ గడువు దాటి రేవులో ఉండిపోతే మొదటి రుసుము, బయట ఉండిపోతే రెండోది) విద్యార్థులకి వేరే పేపర్లో చెప్పే ఉంటారు, కాబట్టి ఆ తేడా తనకి ఇంగ్లిష్‌లో వివరించమని లెక్చరరు అడగాలి, నిజంగానే తనకి తెలియదు కాబట్టి ఆ ప్రశ్నలో నటన ఉండదు. కాగితాలకి కూడా కరువు లేదు. ఖాళీ బీఎల్ నమూనాలు, వెనక వైపు చీమల్లాంటి అక్షరాలతో సహా, లైన్ల సైట్లలో ఉంటాయి. అప్రెంటిస్‌షిప్‌కి వెళ్లిన సీనియర్లు పేర్లు, మొత్తాలు కొట్టేసి, ఆఫీసు ఒప్పుకుంటే, ఒక సెట్టు తేగలరు. అన్ని రకాల ఉద్యోగాలకీ ఒకటే సెట్టు సరిపోదు, అది గుర్తుంచుకోవాలి. గోడౌన్‌లో చేరేవాడికి ఎల్‌సీతో పని లేదు, హ్యాండ్‌హెల్డ్ స్క్రీన్ మీద వచ్చే మెసేజులు, షార్ట్, డ్యామేజ్ రిపోర్టులు, షిఫ్టు మారేటప్పుడు రాసే నాలుగు లైన్ల నోటు, ఇవి చాలు.

ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినపడకూడదన్న నియమం ఈ కోర్సుకి మాత్రం నష్టమే. ఉద్యోగంలో రోజంతా జరిగేది ఏమిటి? డ్రైవర్ తెలుగులోనో హిందీలోనో ఫోన్ చేస్తాడు. సార్, గేటు దగ్గర ఆపేశారు, ఏదో ఫారం లేదంటున్నారు, ముందు ముప్పై బండ్లున్నాయి, పొద్దున్న దాకా కదిలేలా లేదు, నా హాల్టింగ్ సంగతి ఏంటి అంటాడు. ఇదంతా విని, ఏ ఫారం, ఏ గేటు, సీల్ నంబరు సరిపోయిందా, కటాఫ్ (రేవులో సరుకు అప్పగించాల్సిన ఆఖరి సమయం) ఎన్నింటికి అని తెలుగులో తిరిగి అడిగి, పది నిమిషాల్లో ఇంగ్లిష్‌లో లైన్‌కి ఒక మెయిల్, ఎగుమతిదారుకి ఒక మెయిల్ పెట్టాలి. రెండు మెయిళ్లూ ఒకేలా ఉండకూడదు, లైన్‌ని కటాఫ్ పొడిగించమని అడగాలి, ఎగుమతిదారుకి ఓడ తప్పే అవకాశం ఉందని చెప్పాలి. డ్రైవరడిగే హాల్టింగ్ లారీ ఖర్చు, లైన్ వేసే డిటెన్షన్ వేరు, రెంటినీ ఒకే మాటతో రాస్తే బిల్లు ఎవరికి వెళ్లాలో తేలదు.

పరీక్ష కూడా అచ్చంగా ఇలాగే పెట్టొచ్చు. తెలుగులో రెండు నిమిషాల ఫోన్ రికార్డింగ్ వినిపించడం, బుకింగ్ కాపీ చేతికివ్వడం, అరగంటలో రెండు మెయిళ్లు రాయమనడం. ఇరవై మార్కులైతే కంటైనర్ నంబరు, కటాఫ్ సమయం, సీల్ నంబరు తప్పు లేకుండా రాసినందుకు ఎనిమిది, ఎవరు ఏం చేయాలో స్పష్టంగా ఉన్నందుకు ఎనిమిది, మిగతా నాలుగు భాషకి. ఒక్క అంకె తప్పినా ఆ ఎనిమిదీ సున్నా. కఠినంగా అనిపిస్తుంది కానీ బ్యాంకు పెట్టే పరీక్షా ఇదే. అటానమస్ కాలేజీలు దీన్ని వచ్చే సెమిస్టర్లోనే తమ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో (సిలబస్ ఖాయం చేసే కమిటీలో) పెట్టుకోవచ్చు. యూనివర్సిటీ పేపరు మీద నడిచే కాలేజీలకి ఇంటర్నల్ మార్కులున్నాయి, ఇప్పుడు వాటిని అటెండెన్స్ చూసి, రికార్డు బుక్కు అట్ట చూసి వేస్తున్నారు.